ఎడమ పురి దారం

ఆవ్ సాయ్,
జూన్ 4

అన్నయ్యా,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వు ఇంకా బాగా ఉండి ఉంటావు. లేకపోతే ఇలాంటి గొడుగులు పంపే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాయడానికి కారణం నీకూ తెలుసు. పోయిన ఏప్రిల్లో, సోంగ్‌క్రాన్ కొత్త సంవత్సరం పండక్కి ఫోన్‌లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికి నువ్వు టక్కున పెట్టేశావు. ఉత్తరమైతే పెట్టెయ్యడానికి ఉండదు. చింపెయ్యొచ్చు, కానీ అందుకు ముందు చదవాలి.

నువ్వు కట్టి పంపిన ఇరవై నాలుగు కాగితం గొడుగులూ అందాయి. చూడ్డానికి దివ్యంగా ఉన్నాయి. తెరవనంతసేపూ వాటిలో ఒక్క లోపం లేదు. మొదటిది కొన్నది బ్యాంకాక్ నుంచి వచ్చిన రిటైర్డ్ పంతులమ్మ. సాయంత్రం బండ్లు ఆపేసే మా నడక వీధిలో, నా కొట్టు దగ్గర్నుంచి సముద్రం దాకా నాలుగు వందల అడుగులు. ఆవిడ అటు వెళ్లేటప్పుడు గొడుగుతో వెళ్లింది, ఇటు వచ్చేటప్పుడు చేప ముల్లు పట్టుకుని వచ్చింది. పుల్లలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి, కాగితం నిలువునా చిరిగింది. "దీన్ని మడవడం ఎలాగమ్మా?" అని మర్యాదగా అడిగింది. ఆ మర్యాదే నన్ను చంపింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

ఇలాంటివి ఈ నెల రోజుల్లో అయిదు. పోయినేడు పంపినవి ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. అదే వెదురు, అదే కాగితం, అదే నూనె అని నువ్వంటావు. మరి మారిందేమిటి? నీ శ్రద్ధా?

మా ఆయన అడిగానని చెప్పమన్నాడు. ఎందుకో నాకు తెలియదు, నువ్వు ఎన్నడూ ఆయన్ని అడగలేదు.

చిరిగిన కాగితాల మధ్య కూర్చున్న నీ చెల్లెలు,
బువాచన్


బాన్ రోమ్,
జూన్ 19

బువాచన్,

నీ ఉత్తరం అందింది. కవరు విప్పగానే ఎండు చేపల వాసన వచ్చింది, కాబట్టి పంపినదెవరో చూడనక్కరలేకపోయింది. ఈ జవాబు మా అమ్మాయి ఖమ్‌ప్యాంగ్ చేత రాయిస్తున్నాను. నా చేతులకు ఇంతకన్నా ముఖ్యమైన పని ఉంది.

గొడుగులు కట్టడం మొదలుపెట్టి నలభై మూడేళ్లయింది నాకు. మన ఊరి వానలో, ఎండలో, మంచులో నా గొడుగు ఒరిగిందని ఒక్కరూ అనలేదు. మీ వీధికి రాగానే ఒరుగుతోందంటే జబ్బు గొడుగుకా, వీధికా? కొట్టులో ఎలా పెడుతున్నావు? తడి గోడకు ఆనించి, పైన వలలు ఆరేసి ఉంటాడు మీ ఆయన. గొడుగు కాగితం కూడా ఊపిరి పీలుస్తుంది. దానికి రొయ్యల పేస్టు వాసన పట్టిస్తే చస్తుంది.

అయినా సముద్రం పక్కన కాపురం పెట్టమని నిన్నెవరు బతిమాలారు? అడిగినవాళ్లు లేరు, వద్దన్నవాణ్ణి నేనొక్కణ్ణి.

సరే, తప్పు నాదే అనుకుందాం. మీ వీధి వాతావరణం ఏమిటో గంట గంటకూ రాసి పంపు. గాలి ఎప్పుడు, ఏ వైపు నుంచి, తడి ఎంత, ఎండ ఎంత. జాతకం చూసినట్టు చూసి, ఆ వీధి మహారాణికి తగిన గొడుగు కడతాను. వచ్చి చూడమని మాత్రం అనకు. నాకు తీరిక లేదు.

ఈసారి చలి తొందరగా వస్తుందని ఇక్కడివాళ్లు అంటున్నారు. జూన్‌లో అంటున్నారు, వాళ్ల జోస్యం కూడా మోకాలు నొప్పెడితే వానని చెప్పే మీ ఆయన జోస్యం లాంటిదే.

నీ అన్న,
ఇన్‌తా


ఆవ్ సాయ్,
జులై 6

మా ఊరి వాతావరణ శాఖ వారికి,

ఖమ్‌ప్యాంగ్ దస్తూరి ముత్యాల్లా ఉంది. మాటలు మాత్రం నీవే, ముత్యాలు వాటికి దండగ.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. పొద్దున ఆరింటికి వీధిలో గాలి ఉండదు. చేపలతో పాటు ఆరేసిన స్క్విడ్ వాసన, ఊడ్చిన నీళ్ల తడి, అంతే. పది నుంచి రాళ్లు కాలడం మొదలుపెడతాయి. రెండింటికి ఈ వీధిలో నడిచేది విదేశీయులూ, వాళ్ల వెనక కుక్కలూ. కుక్కలకైనా బుద్ధొచ్చి అరుగెక్కుతాయి. మూడున్నరకు సముద్రం గాలి మందుల కొట్టు మూల తిరుగుతుంది. అందరూ "హమ్మయ్య" అంటారు, నేను తప్ప. ఆ గాలి ఒట్టి చేతులతో రాదు, ఉప్పు తెస్తుంది. సాయంత్రానికి నా గల్లాపెట్టె మీద వేలితో పేరు రాసుకోవచ్చు. నాలుగింటికి వీధికి అడ్డం గొలుసు కడతారు, బండ్లు ఆగిపోతాయి, జనం దిగుతారు. వేయించిన రోటీలు, కొబ్బరి ఐస్, చెప్పులు, చొక్కాలు, ముత్యాలని చెప్పి అమ్మే గాజు పూసలు. అయిదున్నరకు, వారంలో మూడు రోజులు, వెనక కొండల మీద నుంచి వాన. ముందు నుంచి ఉప్పుగాలి, వెనక నుంచి కొండగాలి, రెండూ ఎక్కడ కలుసుకుంటాయో తెలుసా? సరిగ్గా నా కొట్టు ముందు. వాటికి అక్కడ ఏం పనో నాకు తెలియదు.

మొన్న శనివారం అలాగే కలుసుకున్నాయి. వీధి నిండా జనం. ఒక్క నిమిషంలో అందరూ మా చూరుల కింద. ఎదురు కొట్టు సునీ ప్లాస్టిక్ వానకోట్లు పట్టుకుని గట్టిగా పాడినట్టు అరుస్తోంది. నేను కూడా పట్టుదలగా నీ గొడుగులు మూడు తెరిచాను, జనం చూడాలని. చూశారు. మూడూ వాళ్ల కళ్ల ముందే ఒరిగాయి. నా జన్మలో అంతమంది ఒకేసారి నన్ను చూసి జాలిపడలేదు.

కొట్టు కట్టేశాక ఒకదాన్ని దీపం కింద పెట్టి విప్పి చూశాను. జిగురు తప్పు కాదు. పుల్లల్ని కలిపే దారం వదులైపోయింది. అంతేకాదు, ఆ ముడులు నీవి కావు. చిన్నప్పటి నుంచి నీ పక్కన కూర్చుని దారం అందించినదాన్ని, నీ ముడి నాకు తెలియదా? ఇవి అన్నీ ఎడమ వైపుకు తిరిగి ఉన్నాయి. ఎవరో ఎడమచేతి వాటం పనివాణ్ణి పెట్టావు. మంచివి అక్కడి పెద్ద కొట్లకు నువ్వే కట్టి, సముద్రం పక్కన ఉన్నదానికి ఇవి చాల్లే అనుకున్నావు. అవునని ఒక్క మాట రాస్తే చాలు, రెండు పేజీల జాతకం రాసే పని తప్పేది నాకు.

ముళ్లన్నీ దాచి ఉంచాను. కావాలంటే పంపుతాను, సూప్ పెట్టుకో.

బువాచన్


బాన్ రోమ్,
జులై 25

బువాచన్,

అవును. పనివాడు కట్టాడు. ఎడమచేతివాడే. నచ్చకపోతే అమ్మకు.

నీ జాతకం బాగుంది. ఒక్కటి రాయడం మర్చిపోయావు. పక్కింటాయన మూన్, తన కంపెనీ వాళ్ల బస్సులో తీర్థయాత్రకు వచ్చి మీ వీధిలో కూడా నడిచాడట. నీ కొట్టు ముందు వేలాడుతున్నవన్నీ అద్దంలాంటి ప్లాస్టిక్ గొడుగులేనట, మనవి వెనక గోడకు, దుమ్ములో ఉన్నాయట. మన నాన్న కట్టిన గొడుగు నీడలో పెరిగినదానివి. ఫ్యాక్టరీ సరుకు ముందు పెట్టి, ఇంటి సరుకు వెనక పెట్టి, అది ఒరిగిందని నాకు ఉత్తరమా? వెనక నిలబెడితే మనిషి కూడా ఒరుగుతాడు.

ఇక గొడుగులు పంపను. నీకూ ఇబ్బంది ఉండదు, నాకూ ఉండదు.

ఇన్‌తా

అత్తయ్యా, నేను ఖమ్‌ప్యాంగ్‌ని. నాన్న భోజనానికి లేచారు, కవరు అంటించేలోపు రాస్తున్నాను. ఆయన చెప్పొద్దన్నది చెబుతున్నాను. జనవరిలో వెదురు చీలుస్తుండగా కత్తి చేతిలోంచి జారిపోయింది. పక్షవాతం. మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నారు. ఇప్పుడు నడుస్తున్నారు, కానీ కుడి చెయ్యి పిడికిలి పట్టదు. సోంగ్‌క్రాన్ నాడు ఫోన్ పెట్టేసింది కోపంతో కాదు, మాట తడబడుతోందని మీకు తెలిసిపోతుందని. పనివాడెవరూ లేడు అత్తయ్యా. ఎడమ చేత్తో ముడులు వేసింది నాన్నే. రెండు రోజులకు ఒక గొడుగు. దారం కొస పళ్లతో పట్టుకుంటారు. మొదటి ఇరవై నాలుగూ ఎవరికీ ఇవ్వకుండా మీకే పంపారు. "దానికి నచ్చితే ఇంకెవరికైనా నచ్చినట్టే" అన్నారు. మీకు తెలిసినట్టు బయటపడకండి, ఇంట్లో నేను బతకలేను.


ఆవ్ సాయ్,
ఆగస్టు 5

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాను. చివరిదాకా చదివాను.

ప్లాస్టిక్ గొడుగుల సంగతి నిజమే. ముందు వేలాడేవి అవే. ఎందుకంటే వాటిని ఉప్పుగాలి పాడు చెయ్యదు, చేసినా ఎవరూ ఏడవరు. నీవి వెనక ఉంచేది గాలి తగలకుండా. అవి దుమ్ములో ఉన్నాయన్న మూన్‌కి చెప్పు, అది దుమ్ము కాదు, ఉప్పు, రోజుకు రెండుసార్లు తుడుస్తాను. ఆ చెత్త సరుకు అమ్ముడుపోతేనే కొట్టు తెరిచి ఉంటుంది, కొట్టు తెరిచి ఉంటేనే నీ గొడుగుకు ఒక గోడ ఉంటుంది. ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇంట్లో ఒకరికొకరం చెప్పుకోకుండా ఉండే అలవాటు మనకి ఉన్నదే కదా.

ఇక నీ పనివాడి గురించి. పోయిన ఉత్తరంలో అతన్ని ఏమైనా అని ఉంటే అతనికి చెప్పకు. తీసెయ్యకు. ఆ ముడులు మళ్లీ చూశాను. ఒక్కొక్కటి ఎంత సమానంగా ఉందో. కొత్తగా నేర్చుకున్నవాడు ఇంత సమానంగా వెయ్యడం నేను చూడలేదు.

తప్పెక్కడుందో మా ఆయన కనిపెట్టాడు. నేను నీ ఉత్తరం చదువుతుంటే లేచి, ఒక పాడైన గొడుగు తీసుకుని సముద్రానికి వెళ్లాడు. ఉప్పునీళ్లలో ముంచి, ఎండబెట్టి, మళ్లీ ముంచి, వేళ్లతో దారం పిండి చూశాడు. వచ్చి చెప్పిందింతే: "ముడి తప్పు కాదు. దారానిది. ఇది కుడి పురి దారం, కుడి వైపుకు మెలిపెట్టింది. ఎడమ చేత్తో చుట్టినకొద్దీ పురి విడుతుంది. పొడిగా ఉన్నంతసేపూ తెలియదు. తడి తగిలిందంటే వదిలేస్తుంది." మీ ఊళ్లో గాలి పొడి కాబట్టి నిలబడింది. ఇక్కడ ఉప్పుతడికి ఊడింది. వలలు కట్టేవాళ్లకి ఇది చిన్నప్పుడే తెలుస్తుందట. ఎడమచేతివాళ్లకి వేరే దారం పెట్టుకుంటారట.

ఎడమ పురి దారం ఉండ ఒకటి పార్సిల్ చేశాను. తెల్లగా లేదు, నీ కంటికి నచ్చదు. నీ పనివాడికి ఇవ్వు.

ఖమ్‌ప్యాంగ్‌ని నా తరఫున ముద్దాడు. దస్తూరి రోజురోజుకీ బాగుపడుతోంది.

బువాచన్


బాన్ రోమ్,
ఆగస్టు 30

బువాచన్,

పార్సిల్ వచ్చింది. నా నలభై మూడేళ్ల పనికి వల కట్టేవాడు పాఠం చెప్పే రోజు కూడా చూశాను. ఇంకా ఏం చూడాలో.

నీ దారం పనివాడికి ఇచ్చాను. తీసుకోనన్నాడు. పొగరెక్కువ వాడికి. "మా నాన్నగారు వాడిన దారమే వాడతాను" అన్నాడు. వారం రోజులు అది కిటికీలో అలాగే పడి ఉంది. ఎనిమిదో రోజు ఎవరూ చూడకుండా తీసుకుని ఒక గొడుగు కట్టాడు. నీళ్ల తొట్టిలో ఉప్పు కలిపి రాత్రంతా ముంచి ఉంచాడు. పొద్దున తీసి చూసి, రెండోది మొదలుపెట్టాడు.

మూడు పంపుతున్నాను. అమ్మడానికి కాదు. మీ రెండు గాలులూ కలిసే చోట పెట్టి ఏమవుతుందో రాయి. ఉన్నదున్నట్టు రాయి. జాలిపడి బాగుందని రాస్తే నాకు తెలిసిపోతుంది, నీకు అబద్ధం రాయడం రాదు, తిట్టడం ఒక్కటే వచ్చు.

ఖమ్‌ప్యాంగ్ ఈమధ్య కవర్లు తనే అంటిస్తోంది. ఏదో అనుమానంగా ఉంది. అడగలేదు. కూతురు లేకపోతే నా మాటలు రాసేదెవరు?

మీ వదిన పోయి ఈ నెలకు ఆరేళ్లు. ఆవిడ పేరున గుడికి జిగురు బియ్యం అన్నం, పళ్లు పట్టుకెళ్లాం. నీ పేరు కూడా చెప్పి దణ్ణం పెట్టాను. అలవాటు కొద్దీ.

ఇన్‌తా


ఆవ్ సాయ్,
అక్టోబర్ 12

పరీక్ష ఫలితాల కోసం గుమ్మంలో నిలబడ్డ అన్నయ్యకు,

మొదటి గొడుగును కొట్టు ముందు కొక్కేనికి తెరిచి కట్టాను. ముప్పై రోజులు. వాన తిన్నది, ఉప్పు తిన్నది, ఒక కాకి రెక్క దెబ్బ కూడా తిన్నది. దారం కదల్లేదు. కాగితానికి పూసిన నూనె మాత్రం కాస్త జిడ్డు పడుతోంది. అది వేరే జబ్బు.

రెండోది ఆ బ్యాంకాక్ పంతులమ్మకు ఇచ్చాను. ఆవిడ మళ్లీ వచ్చింది, ఇక్కడే అద్దెకు ఇల్లు తీసుకుందట. పాత ముల్లుకు బదులుగా ఇచ్చాను. రోజూ సాయంత్రం వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వేసుకుని తిరుగుతుంది. ఒరగలేదు.

మూడోది సునీ పట్టుకుపోయింది. అవును, వానకోట్ల సునీయే. ఒకరోజు వానలో ఇంటికి వెళ్లడానికి అడిగింది. నీ ప్లాస్టిక్ కోటు ఏమైందని అడిగాను. "ఉక్కపోస్తుందమ్మా, అది కొనేవాళ్లకి గానీ వేసుకునేవాళ్లకి కాదు" అంది. పద్దెనిమిది రోజులైంది, తిరిగివ్వలేదు. ఇంతకన్నా మంచి ఫలితం నేను రాయలేను.

ఉన్నదున్నట్టు రాశాను. నూనె సంగతి మాత్రం ఉత్తరంలో కుదరదు. ఏ గంటకు జిడ్డెక్కుతుంది, ఏ వైపు ఎక్కువ, ఎండ పడ్డాక ఏమవుతుంది, ఇవి పక్కన నిలబడి వేలు పెట్టి చూడాల్సినవి. నీ పనివాణ్ణి పది రోజులు పంపగలవా? నువ్వు రమ్మని నేను అనడం లేదు. నీకు తీరిక లేదని నాకు తెలుసు. పనివాడికి ఉంటుంది కదా. నవంబర్‌లో పంపు. అప్పుడు ఇక్కడ వాతావరణం ఘోరంగా ఉంటుంది, పనికొస్తుంది.

మేడ మీద గది ఖాళీగానే ఉంది. మెట్లు ఏడు, కుడి వైపు కాదు, ఎడమ వైపు పట్టుకునే కమ్మీ పెట్టించాడు మా ఆయన. ఎందుకు పెట్టించాడో నేను అడగలేదు.

బువాచన్


బాన్ రోమ్,
నవంబర్ 29

బువాచన్,

పనివాడు క్షేమంగా ఇల్లు చేరాడు.

ఇక ఆ నాటకం చాలు. నీకు ఆగస్టు నుంచి తెలుసు. నీకు తెలుసని నాకు సెప్టెంబర్ నుంచి తెలుసు. ఖమ్‌ప్యాంగ్ ఇది రాస్తూ తల వంచుకుని నవ్వుతోంది. దాన్నేమీ అనలేదు, అనను.

నీ దగ్గర ఉన్న పదకొండు రోజుల్లో నేను మాట్లాడినది తక్కువ. ఎదురుగా ఉంటే నువ్వు మాట్లాడనిస్తేగా. కాబట్టి ఇక్కడికి వచ్చి రాయిస్తున్నాను.

బస్సు దిగినప్పుడు ఆ వానలో మీ ఆయన నిలబడి ఉన్నాడు. సంచి ఏ చేత్తో అందివ్వాలా అని నేను ఆలోచించే లోపే తీసుకుని ముందు నడిచాడు. నా నడక ఎంత నెమ్మదో అంత నెమ్మదిగా నడిచాడు, వెనక్కి తిరిగి చూడకుండా. రెండు రోజులు మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు. మూడో రోజు నేను కొట్టు ముందు కుర్చీ వేసుకుని గొడుగు కడుతుంటే, పుల్లల చట్రం జారిపోతోంది, పళ్లతో పట్టుకున్నాను. ఆయన ముక్కాలి పీట లాక్కుని ఎదురుగా కూర్చుని చట్రం పట్టుకున్నాడు. నా కుడి చెయ్యి చెయ్యాల్సిన పని ఆయన చెయ్యి చేసింది. ఎంత బిగించాలో చెప్పనవసరం లేకపోయింది. ఆ రోజు రెండు గొడుగులు అయ్యాయి. జనవరి తర్వాత ఒక్క రోజులో రెండు కట్టడం అదే మొదలు. నువ్వు లోపల బేరాలాడుతున్నావు, చూడలేదు.

చూడనిది ఇంకొకటి ఉంది, అది నీ గురించే. ఆ బుధవారం అయిదున్నరకు, నువ్వు చెప్పినట్టే, రెండు గాలులూ కొట్టు ముందు కలుసుకున్నాయి. వెనక కొండల మీద ఆకాశం నల్లబడింది, సముద్రం వైపు ఇంకా ఎండ. వీధి నిండా పరుగులు. రోటీ పెనం మీద చినుకులు పడి చిటపటలు. నేను కుర్చీలో కూర్చుని గొడుగులు నిలబడతాయా లేదా అని చూస్తున్నాను, అందుకే కదా వచ్చింది. అప్పుడు నువ్వు కొక్కేనికి ఉన్న గొడుగు పీక్కుని వీధిలోకి పరిగెత్తావు. గాజు పూసలమ్మే ముసలావిడ తట్ట ఎత్తుకోలేక మధ్యలో నిలబడిపోయింది. నువ్వు ఆవిడ మీద గొడుగు పట్టుకుని, తను ఒక్కొక్క దండా ఏరుకునేదాకా అలా నిలబడ్డావు. ఆ గొడుగు కింద నువ్వు లేవు, సగానికి పైగా తడిశావు. ఎదురు కొట్టామె నిన్ను చూసి ఏదో అంది, నువ్వు ఇంకేదో అన్నావు, ఇద్దరూ పడీపడీ నవ్వారు. వీధి మొత్తం నిన్ను పేరు పెట్టి పిలుస్తోంది.

ఇరవై రెండేళ్లుగా నువ్వు అక్కడ ఎవరూ లేని ఊళ్లో, ఒక చేపల మనిషితో, పంతం కొద్దీ ఉండిపోయావనుకున్నాను. కష్టపడుతున్నావని ఒక పక్క బాధ, పడనీ అని ఒక పక్క. ఆ వానలో చూశాక రెండూ పోయాయి. నేను బాధపడ్డది నాకు తెలియని మనిషి కోసం. నువ్వు ఆ వీధి దానివి.

ఇప్పుడు నీకు తెలియని సంగతి. ఇది చెప్పడానికే ఇంత దూరం రాయించాను. నీ పెళ్లికి నెల ముందు మీ ఆయన విచాన్ ఇక్కడికి వచ్చాడు, ఒక్కడే. మూడు బస్సులు మారి. నాతో మాట్లాడదామని. తలుపు తట్టాడు. నేను వంటింట్లో ఉన్నాను. కిటికీలోంచి చూశాను. తియ్యలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మీ వదినకు కూడా. ఆయన నీకు చెప్పి ఉంటాడనీ, నువ్వు అందుకే రావడం మానేశావనీ ఇన్నేళ్లూ అనుకున్నాను.

వచ్చేసే ముందు రోజు ఇసుకలో కూర్చుని అడిగాను. "బువాచన్‌కి చెప్పావా?"

"ఏమని?"

"తలుపు తియ్యలేదని."

"మీరు ఇంట్లో లేరనుకున్నాను" అన్నాడు.

"పొయ్యి పొగ కనిపించలేదా?"

వల ఒడిలోకి లాక్కున్నాడు. "కనిపించింది" అన్నాడు. తర్వాత అది ఎక్కడ చిరిగిందో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నాకు తిట్లే సులువు, బువాచన్. తిట్టనివాడితో ఏం చెయ్యాలో తెలియదు.

నూనె సంగతి తేలింది. మీ గాలికి రెండు పూతలు ఎక్కువ, ఒక పూటకు బదులు మూడు రోజులు ఆరాలి. అది ఖమ్‌ప్యాంగ్ చూసుకుంటుంది. ఇప్పుడు ఇక్కడ వెదురు కొట్టే కాలం. పొడవాటి బొంగు చీల్చాలంటే రెండు చేతులున్న మనిషి కావాలి. ఇక్కడ దొరికేవాళ్లకు చేతులున్నాయి కానీ బిగింపు తెలియదు. బావను ఒక నెల పంపు. కూలి ఇవ్వను, తిండి పెడతాను, అది కూడా మన కారం తట్టుకుంటేనే.

మీ ఊరి వాతావరణం మాత్రం దరిద్రం. నా చొక్కాలింకా ఆరలేదు.

నీ అన్న,
ఇన్‌తా


ఆవ్ సాయ్,
డిసెంబర్ 13

అన్నయ్యా,

ఇరవై రెండేళ్లు నాకు చెప్పనందుకు మీ ఇద్దరితోనూ మాట్లాడకూడదని నిశ్చయించుకున్నాను. తీరా చూస్తే ఒకరు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు, ఇంకొకరు ఎలాగూ మాట్లాడరు. శిక్ష నాకే పడేలా ఉంది. నాలుగో రోజు మానేశాను.

నాలుగు రోజులూ నేను ఏమనుకున్నానో రాయను. ఒక్కటి రాస్తాను. ఆయన తిరిగొచ్చిన రోజు నాకు గుర్తుంది. బూట్లకు మన ఊరి ఎర్రమట్టి ఉంది. ఎక్కడికి వెళ్లావంటే పడవ ఇంజన్ చూడ్డానికి అన్నాడు. సముద్రంలో ఎర్రమట్టి ఎక్కడిదని నేను అడగలేదు. అడిగి ఉంటే నిన్ను ఇంకా ఎక్కువ తిట్టి ఉండేదాన్ని, కాబట్టి అడగకపోవడమే మంచిదైందేమో. నాకింకా తేలలేదు.

వీధి సంగతి రాయడానికి ఏమీ లేదు. గాలి తిరిగింది. వాన వెళ్లిపోయింది. సముద్రం పళ్లెంలో పోసినట్టు ఉంది. సాయంత్రం జనం మెల్లగా నడుస్తున్నారు, ఎవరికీ తొందర లేదు. ఫిర్యాదు లేదు కాబట్టి ఉత్తరం చిన్నది.

నీ ఉత్తరం పైకి చదువుతుంటే, కూలి ఇవ్వనన్న చోటుకి వచ్చేసరికి వెనక గదిలో పెట్టె తీస్తున్న చప్పుడైంది. చదవడం పూర్తయ్యేలోపు సంచి సర్దుకుని వచ్చి కూర్చున్నాడు. మీ కారం తింటాడో లేదో తెలియదు కానీ, ఎండు స్క్విడ్ రెండు కట్టలు పెట్టుకున్నాడు. వాసన గురించి ఒక్క మాట అనకు.

ఈ ఉత్తరం నీకు ముందు అందాలని పది రోజులు ఆపాను, ఇరవై మూడున బస్సెక్కుతాడు. ఇరవై నాలుగు పొద్దున నీ గుమ్మం ముందు ఉంటాడు. తలుపు ఒక్కసారే తడతాడు, అన్నయ్యా. రెండోసారి తట్టడం ఆయనకు చేతకాదు. వంటింట్లో ఉన్నా సరే, పొయ్యి మీద ఏది మాడినా సరే, వెంటనే తియ్యి.

బువాచన్